మా ఇంటికి మేమే మేస్త్రీలం

కె.ఆర్.పురం పాత ఊర్లో మాది ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఇల్లు. మట్టి గోడలు, మంగళూరు పెంకులు. 1963లో మా నాయన కట్టింది. మిల్లు స్నేహితులు ఎవరు ఎదురుపడినా "ఇల్లు బిల్డరుకి ఇచ్చేసినావంట కదప్పా" అని అడుగుతా ఉన్నారు. ఇయ్యలేదు. ఇంటోళ్ళమంతా కలిసి మేమే బాగు చేసుకున్నాము. ఎట్ల చేసినాము, ఎంత ఖర్చయింది, ఎవరితో ఎంత మాటా మాటా అయింది, అంతా రాయమని మన పత్రిక వాళ్ళు అడిగినారు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

మా నాయనది చింతామణి పక్క పల్లె. 1948లో దూరవాణినగరంలో ఐ.టి.ఐ. ఫ్యాక్టరీ వచ్చినాక ఈ పక్కంతా కట్టుబడి పనులు మొదలైనాయి. ఆ పనులకి కూలీగా వచ్చి ఈడనే నిలిచిపోయినాడు. పగలు ఇంకొకరి ఇంటికి రాయి మోసి, రాత్రి లాంతరు పెట్టుకుని మా ఇంటికి మట్టి తొక్కినారంట ఆయనా, మా అమ్మా. మా అన్న కూడా ఆయన దగ్గరే పని నేర్చుకుని మేస్త్రి అయినాడు. నేను మాత్రం 1979లో మిల్లులో బద్లీగా చేరినాను. పొద్దున్నే మారికుప్పం రైలు పట్టుకుని సిటీ స్టేషన్‌లో దిగి షిఫ్టుకి పోయేది. ఇరవై ఐదేండ్లు రింగ్ ఫ్రేముల మధ్య తిరిగి, తెగిన పోగు అతికి, 2004లో వి.ఆర్.ఎస్. తీసుకుని ఇంటికి వచ్చినాను.

మన మిల్లులు ఏమైనాయో మీకు చెప్పే పని లేదు. 1884లో మొదలైన బిన్నీ మిల్లు పేరు ఇప్పుడు పేటకి మిగిలింది. మల్లేశ్వరంలో రాజా మిల్లు ఉన్న చోట మాల్ లేచింది. మినర్వా మిల్లు పేరు 1980 సుప్రీంకోర్టు తీర్పుతో లాయర్ల పుస్తకాల్లో నిలిచింది. లా చదివే పిల్లలకి ఆ పేరు తెలుసు, ఆడ నూలు వడికేవాళ్ళు ఉన్నారని తెలీదు. నేను ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, పనిచేసిన చోటు కండ్ల ముందు లేకుండా పోతే ఎట్లుంటుందో మనకు తెలుసు. అందుకే ఇల్లు కూల్చే మాట వచ్చినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

2022 సెప్టెంబరు మొదటి వారం వానలు గుర్తుండే ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నీళ్ళు నిలిచి, ఐ.టి. ఉద్యోగాల పిల్లలు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి పోయినారు. టీవీలో అందరూ చూసినారు. ఆ వానలకి మా వెనక గోడ కడుపు వచ్చింది. ఇరవై అడుగుల గోడలో పన్నెండు అడుగులు బయటికి ఉబ్బింది. గుండు కట్టి దారం వదిలి చూస్తే నడుమ దగ్గర నాలుగు అంగుళాలు తేడా. ఆ గోడకి ఆనుకునే మా అమ్మ మంచం. అమ్మకి అప్పుడు ఎనభై నాలుగేండ్లు.

ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చి చూసినారు. ముగ్గురిదీ ఒకటే మాట, "కూల్చండి". కింద ఒక్క అంతస్తు కొత్తగా వేసుకుంటే పద్నాలుగు లక్షలన్నారు. మాది బి ఖాతా. బ్యాంకులో అడిగితే లోను రాదన్నారు. ఇంతలో ఒక బిల్డరు వచ్చినాడు. నాలుగు అంతస్తులు లేపుతాడంట, పైన రెండు ఆయనకి, కింద రెండు మాకు. మా వీధిలో అప్పటికే ఆరు ఇండ్లు అట్లనే పి.జి.లు అయిపోయినాయి. వైట్‌ఫీల్డు మెట్రో వస్తుందని స్థలాల రేట్లు రోజూ పెరుగుతా ఉన్న కాలం అది.

మా పెద్దోడు ఇచ్చేద్దామన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. "నాయనా, రెండు అంతస్తుల్లో ఒకటి బాడిగకి ఇస్తే నెలనెలా డబ్బొస్తుంది. నీ పింఛను ఎంత? వెయ్యి రూపాయలు దాటదే" అన్నాడు. కోడలు గార్మెంట్స్‌లో పనిచేస్తుంది, ఆమె ఏమీ అనలేదు. మా ఇంటామె మాత్రం "కట్టేదాకా రెండేండ్లు అత్తమ్మని ఎవరింట్లో పెడతాం?" అని ఒక్క మాట అడిగింది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

మా అన్న సంగతి వేరే. ఇల్లు నాయన పేరు మీద ఉంది, సగం ఆయనది. ఆయన మాలూరు పక్కన ఉంటాడు, కండ్ల ఆపరేషన్‌కి, మనవరాలి పెండ్లికి అప్పులు చేసినాడు. ఫోన్‌లోనే గట్టిగా అన్నాడు: "అరవై ఏండ్లు నువ్వే ఉన్నావు కదరా ఆ ఇంట్లో. నా వంతు నాకెప్పుడు?" నేను బదులు చెప్పలేకపోయినాను. ఆ తర్వాత రెండు నెలలు మాకు మాటల్లేవు. గోడకన్నా అదే నాకు ఎక్కువ భయమయింది.

మా పాప నర్సింగు చదివింది. ఫోన్‌లో వెతికి ఒక రాత్రి అందరికీ చదివి వినిపించింది. మన బెంగుళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనే 1974లో ఆస్త్రా అని ఒక విభాగం పెట్టి మట్టితో గట్టి ఇండ్లు కట్టేది ఎట్లా అని పెద్ద చదువులవాళ్ళు పని చేసినారంట. కేరళలో లారీ బేకర్ అనే ఇంగ్లండాయన సున్నం, మట్టి, ఇటుకలతో ఎన్నో ఇండ్లు కట్టినాడంట. "మట్టిది పాత ఇల్లు కాబట్టి పడిపోవాలని రూలు లేదు నాయనా. నీళ్ళు యాడినుంచి వస్తున్నాయో చూసి ఆపితే నిలబడుతుంది" అన్నాది.

చూసినాము. రెండు కారణాలు దొరికినాయి. ఒకటి, వీధిలో రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదనే ఇంకో పొర వేస్తారు. నాయన కట్టినప్పుడు వీధి కన్నా ఇల్లు మూడు మెట్లు పైన. ఇప్పుడు ఒక్క మెట్టే. సందులో నీళ్ళన్నీ మా గోడ మొదట్లోకే వస్తాయి. రెండోది, 1990ల్లో అందరి ఇండ్లకి వేసినట్టే ఆ గోడకి కూడా బయట సిమెంటు పూత వేసి ఉంది. మట్టి గోడ చెమ్మ పీలుస్తుంది, ఎండకి వదులుతుంది. మీద సిమెంటు ఉంటే లోపలికి పోయిన చెమ్మ బయటికి రాలేదు. బయటికి నున్నగా కనిపిస్తుంది, లోపల మట్టి మెత్తబడి జారిపోతుంది.

సంక్రాంతి అయినాక నేనే మాలూరు బస్సెక్కి అన్న దగ్గరికి పోయినాను. డబ్బు మాట ఎత్తలేదు. "అన్నా, అమ్మ గది గోడ దించాల. నాకు చేతకాదు. నువ్వు వచ్చి చెప్పు, చేసేది మేము చేస్తాము" అన్నాను. ఆయన చాలాసేపు బీడీ కాల్చుకుంటా కూర్చున్నాడు. వదినే లోపలినుంచి సంచి తెచ్చి ఆయన పక్కన పెట్టింది. అందులో తాపీ, గుండు, మట్టం పలక.

ముందు అమ్మని ముందు గదికి మార్చినాము. పైకప్పు బరువు గోడ మీద ఉండకూడదని సెంట్రింగు జాకీలు బాడిగకి తెచ్చి దూలాల కింద బిగించినాము. అది అయ్యేదాకా అన్న ఎవరినీ గోడ ముట్టనియ్యలేదు. తర్వాత ఉబ్బిన భాగాన్ని పైనుంచి కిందికి, జానెడు జానెడు గడ్డపారతో దించినాము. తోసి పడేసేది లేదు. తోస్తే పక్క గోడ కూడా వస్తుంది. కింద రెండడుగుల రాతి పునాది ఉన్నది ఉన్నట్టే గట్టిగా ఉంది. దానిని ముట్టలేదు.

లోపలి సిమెంటు పూత ఊడదీస్తే కింద మట్టి మీద వేళ్ళ గుర్తులు బయటపడినాయి. పూత పట్టుకునేదానికి తడి మట్టి మీద చేత్తో గీతలు గీస్తారు కదా, అవి. అమ్మ గోడ దగ్గరికి వచ్చి ఆ గీతల్లో తన వేళ్ళు పెట్టి చూసుకునింది. "నావే. మీ నాయనవి ఇంకా లావు" అనింది. మా పెద్దోడు ఆ పొద్దు నుంచి బిల్డరు మాట ఎత్తలేదు.

దించిన మట్టే మళ్ళీ వాడినాము. కొత్తది కొనే పని లేదు. కానీ అందులో ఇసుక సరిపోతుందా లేదా తెలియాల. మనవరాలు గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి, బాగా ఊపి ఒక రోజు కదపకుండా పెట్టింది. అడుగున ఇసుక, మీద ఒండ్రు, ఆ మీద జిగురు మట్టి వేరువేరుగా తేలినాయి. అమ్మ అదేమీ చూడలేదు. తడి మట్టిని అరచేతుల మధ్య తాడు మాదిరి తాల్చింది. అది తెగకుండా పొడుగ్గా సాగితే "జిగురు ఎక్కువ, ఎండితే పగులుతుంది, ఇసుక కలపండి" అనింది. సీసా చెప్పిందీ అదే.

శనివారం రాత్రి మట్టిని నీళ్ళలో నానబెట్టేది. ఆదివారం పొద్దున తరిగిన రాగి గడ్డి చల్లి అందరమూ తొక్కేది. ముద్దలు చేసి అందిస్తే అన్న వరస పెట్టేవాడు. ఒక్కో వరస అడుగున్నర ఎత్తుకి మించకూడదు. వారం ఆరినాకనే దాని మీద ఇంకోటి. తొందరపడి రెండు వరసలు ఒకేసారి పెడితే కిందది బరువుకి ఉబ్బుతుంది. మాకు ఎట్లాగూ ఆదివారమే తీరిక కాబట్టి మట్టికీ మాకూ సరిపోయింది. ఐదు ఆదివారాలు, ఐదు వరసలు. ఫిబ్రవరి 26న మొదలుపెట్టినాము. నడుమ ఉగాది వచ్చింది, కాళ్ళకి మట్టితోనే బొబ్బట్లు తిన్నాము.

చివరి వరస మార్చి 26 ఆదివారం. కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డుకి మెట్రో జనాలకి తెరిచింది ఆ రోజే. పిల్లలు ముగ్గురూ మట్టి తొక్కేది వదిలేసి మెట్రో చూడాలని పారిపోయినారు. మధ్యాహ్నం వచ్చి కథలు చెప్తా ఉంటే అన్న "అంత పెద్ద పని ఎన్నేండ్లు పట్టింది?" అని అడిగినాడు. చాలా ఏండ్లని చెప్పినారు. "మనది ఐదు వారాలే" అని నవ్వినాడు. రెండు నెలలు నాతో మాట్లాడని మనిషి నవ్వేది చూసి మా ఇంటామె కొంగుతో కండ్లు తుడుచుకునింది.

ఏప్రిల్‌లో మామిడి వానలు వచ్చేలోగా కప్పు పని. సుమారు 900 పెంకులు దించినాము. ఈ పెంకుల పని మంగళూరులో 1865లో బాసెల్ మిషన్ వాళ్ళతో మొదలయిందంట, అందుకే ఆ ఊరి పేరు నిలిచింది. ఒక్కో పెంకునీ వేలితో కొట్టి చూడాల. కంగుమంటే మంచిది, డబ్బుమంటే లోపల పగులు ఉంది. 250 పోయినాయి, పాతవే కొని వేసినాము. నాలుగు వాసాల చివరలు చెద తినేసింది. బాంబూ బజార్ పక్క పాత కట్టె అమ్మే అంగళ్ళలో మద్ది కట్టె కొని, చెడిన భాగం కోసి అన్న అతుకు వేసినాడు. "నువ్వు పోగు అతుకుతావు, నేను కట్టె అతుకుతాను" అన్నాడు. చూరు మాత్రం ఒక అడుగు ముందుకి పెంచినాము, వాన నీళ్ళు గోడ మీద పడకుండా. గోడ మొదట్లో అడుగున్నర లోతు కాలువ తవ్వి, కంకర నింపి, వాలు పెట్టి నీళ్ళని సందు మోరీలోకి మళ్ళించినాము. ఇంత పనిలో గోడని కాపాడేది నిజంగా ఈ చూరూ, ఈ కాలువే.

ఇంక సున్నం. సున్నపు రాళ్ళు తెచ్చి డ్రమ్ములో విరిచినాము. దీనిలో జాగ్రత్త ఏమంటే, డ్రమ్ములో నీళ్ళు ముందు పోసి అందులోకి రాళ్ళు కొంచెం కొంచెంగా వదలాల. రాళ్ళ మీద నీళ్ళు గుమ్మరిస్తే ఎగిరి మొఖాన పడుతుంది, కండ్లు పోతాయి. కండ్లద్దాలు పెట్టుకుని, చేతులకి నూనె రాసుకుని చేసినాము. పిల్లల్ని ఆ పక్కకి రానియ్యలేదు. వడగట్టి మూడు వారాలు నీళ్ళ కిందనే ఉంచినాము. ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుక. గ్రంథిగె అంగడిలో కరక్కాయ తెచ్చి దంచి, బెల్లంతో నానబెట్టిన నీళ్ళు కలిపినాము. మే నెల మొదట్లో బయట గార వేసినాము. అన్న చేయి వణుకుతుందని కింద భాగమంతా మా ఇంటామె, వదిన వేసినారు. నున్నటి గులకరాయితో రుద్దింది వాళ్ళే. రోజూ గోనెపట్టలు తడిపి కప్పింది కోడలు, షిఫ్టుకి పోయే ముందు ఒకసారి, వచ్చినాక ఒకసారి.

మే 21 ఆదివారం సాయంత్రం ఊరంతా వడగళ్ళ వాన పడింది. ఆ పొద్దు ఇంట్లో ఎవరమూ కూర్చోలేదు. పెద్దోడు గొడుగు పట్టుకుని వెనక సందులోనే నిలబడినాడు. నీళ్ళు కాలువలో పడి మోరీలోకి పోయినాయి. తెల్లారి అన్న గుండు వదిలి చూసి, "పడుకోండి పోయి" అన్నాడు.

దుమ్ము గురించి ప్రత్యేకంగా రాయాల. కార్డింగులో పనిచేసి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నవాళ్ళు మనలో ఎంతమందో. సోమవారం పొద్దున షిఫ్టుకి పోతే గుండె పట్టేసేది గుర్తుందా? ఇంటి పనిలోనూ దుమ్ము అట్లాంటిదే. పాత తలుపుల రంగుని ఎండుగా గీకొద్దండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది, చిన్న పిల్లల మెదడుకి అది విషం. కొత్త రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులకి మించకూడదని 2017 నవంబరు నుంచి రూలు ఉంది, పాతవాటికి ఏ రూలూ లేదు. మేము నీళ్ళతో తడిపి రుద్ది, ఆ బురదని గుడ్డతో ఎత్తి పారేసినాము. వంటింటి మీద ఆస్బెస్టాస్ రేకులు ఉండేవి. వాటిని కోయలేదు, పగలగొట్టలేదు. తడిపి, బోల్టులు విప్పి, పూర్తి రేకులుగానే దించినాము. ఆ పొడి లోపలికి పోతే ఏండ్ల తర్వాత రోగం చూపిస్తుందని మా పాప చెప్పింది. ఇంట్లో అందరికీ మాస్కులు. అమ్మకి కూడా.

మేము ముట్టుకోని పని కరెంటుది. పాత చెక్క పట్టీల వైర్లన్నీ తీయించి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో కొత్తగా వేయించి, ఎర్తింగు పెట్టించినాము. మట్టి గోడ తడి పీలుస్తుంది, ఆడ కరెంటుతో ఆటలు వద్దు.

ఖర్చు లెక్క మనవరాలి నోటుబుక్కులో ఉంది. కట్టె 38,000. పెంకులు 3,500. సున్నం 8,000. ఇసుక, కంకర 9,000. జాకీల బాడిగ 6,000. బరువు పనులకి కూలి మనిషి 22 రోజులు, రోజుకి 800, మొత్తం 17,600. కరెంటు 27,000. బాత్రూము, పైపులు 31,000. మేకులు, టార్పాలిన్, రంగు, బెల్లం, కరక్కాయ, ఆదివారం భోజనాలు 14,400. అన్నీ కలిపి 1,54,500 రూపాయలు. సగం నా వి.ఆర్.ఎస్. డిపాజిట్‌లో మిగిలినది, సగం మా ఇంటామె చీటీ. అప్పు చేయలేదు. మా కూలి లెక్క వేయలేదు, వేస్తే ఇంత తక్కువ కాదు. అది కూడా నిజమే.

అన్న వంతు సంగతి రాయకుండా ముగిస్తే సగం చెప్పినట్టే అవుతుంది. ఇల్లు అయినాక ఆగస్టులో అందరమూ కూర్చున్నాము. స్టాంపు కాగితం మీద రాసుకున్నాము. అమ్మ ఉన్నన్నాళ్ళు ఇల్లు అమ్మకూడదు. వీధి వైపు గది టైలరింగ్ అంగడికి బాడిగకి ఇచ్చినాము, నెలకి 6,500. ఆ బాడిగ నేరుగా అన్నకి పోతుంది. అమ్మ తర్వాత ఇల్లు ఏమి చేసేది అనేది అప్పుడు ఇద్దరమూ, మా పిల్లలూ కలిసి చూసుకోవాల. ఇది పూర్తిగా తీరిపోయిన లెక్క కాదు. అన్నకి బాడిగ చాలదు, నాకు తెలుసు. మా పెద్దోడికి నాలుగు అంతస్తుల ఆశ పూర్తిగా పోలేదు, అదీ తెలుసు. కానీ ఇప్పుడు పండక్కి అన్న మా ఇంటికి వస్తాడు. వచ్చినప్పుడల్లా ముందు వెనక సందులోకి పోయి గోడ చూసి, ఆ తర్వాతనే కాళ్ళు కడుక్కుంటాడు.

పాత ఇండ్లు ఉన్నవాళ్ళకి ఒక మాట. అన్ని ఇండ్లూ ఇట్ల బాగుపడవు. పునాదే కదిలి ఉంటే, పగులు కింద నుంచి పైదాకా వెడల్పుగా ఉంటే, ఇంజనీరుని పిలిపించి చూపించండి. మనుషుల ప్రాణం కన్నా గోడ ఎక్కువ కాదు. కానీ మొదట వచ్చిన కాంట్రాక్టరు "కూల్చండి" అన్నాడని వెంటనే ఒప్పుకోవద్దు. వాన పడేటప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరిగి నీళ్ళు యాడికి పోతున్నాయో చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే గోడ దేనితో కట్టినారో ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. మా అమ్మ లేకపోతే మాకు ఆ మట్టి సంగతి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

మా ఇంట్లో ఇసుక జల్లెడ, రెండు గడ్డపారలు, సున్నం డ్రమ్ము, ఒక నలభై మంచి పెంకులు మిగిలి ఉన్నాయి. మిల్లు వాళ్ళు ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకుపోవచ్చు, బాడిగ లేదు. జల్లెడ మాత్రం పని అయినాక తిరిగి ఇయ్యాల, అది మా నాయనది.